వెనోనా: మాస్కోకు తెలిసినా అమెరికన్లకు తెలియని రహస్యం

వ్యాఖ్యాత: నమస్కారం. వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్ ఒకప్పుడు ఆడపిల్లల కళాశాల. 1943 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం అక్కడ సోవియట్ టెలిగ్రాములను చదివే పని మొదలుపెట్టింది. వెనోనా అనే పేరు తర్వాత వచ్చింది. ఈరోజు మనతో గణిత ఆచార్యులు, చరిత్ర అధ్యాపకురాలు, న్యాయవాది ఉన్నారు. ఆచార్యులు గారూ, ఆ గూఢలిపి ఎలా లొంగింది?

ఆచార్యులు: లిపిలో లోపం లేదండీ, తయారీలో ఉంది. మాటలను కోడ్‌బుక్ చూసి అంకెలుగా మార్చేవారు. వాటికి ప్యాడ్‌లోని, అంటే అంకెలు ముద్రించిన పుటల కట్టలోని, అడ్డదిడ్డమైన అంకెలను కూడేవారు. ప్యాడ్‌లో ప్రతి పుటనూ ఒక్కసారే వాడితే దాన్ని ఎవరూ ఛేదించలేరు. కానీ 1942 మొదట్లో, యుద్ధపు ఒత్తిడిలో, సుమారు 35,000 పుటలను రెండేసి సార్లు ముద్రించారు.

వ్యాఖ్యాత: దానితో పని తేలికైపోయిందా?

ఆచార్యులు: తేలిక ఎక్కడిది! వేల టెలిగ్రాముల్లో ఒకే పుట వాడిన జంటలను వెతకాలి. అవి ఉన్నాయని 1943లో రిచర్డ్ హాలక్ వాణిజ్య సందేశాల్లో పసిగట్టారు. జంట దొరికితే ఒకదానిలో నుంచి మరొకటి తీసివేస్తే ప్యాడ్ అంకెలు పోతాయి. కోడ్‌బుక్ మాత్రం మిగిలే ఉంటుంది. దాన్ని మెరెడిత్ గార్డ్‌నర్ ఒక్కొక్క మాటగా పునర్నిర్మించారు. 1946 డిసెంబరులో ఆయన చదివిన 1944 నాటి సందేశంలో అణుబాంబు శాస్త్రవేత్తల పేర్లు వరసగా కనిపించాయి.

అధ్యాపకురాలు: ఒక్క మాట చేర్చనివ్వండి. ఈ పనికి మొదట కూర్చున్నది జీన్ గ్రేబీల్, అంతకుముందు బడిపంతులమ్మ. ఆ గదుల్లో ఎక్కువ మంది స్త్రీలే.

వ్యాఖ్యాత: గూఢచారులు దొరికారు కదా?

అధ్యాపకురాలు: దొరికారు. అణుబాంబు తయారీలో పనిచేసిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ 1950 జనవరిలో నేరం ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి హ్యారీ గోల్డ్, డేవిడ్ గ్రీన్‌గ్లాస్, చివరికి జూలియస్ రోజెన్‌బర్గ్.

న్యాయవాది: నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. రోజెన్‌బర్గ్ దంపతులను 1953 జూన్ 19న విద్యుత్ కుర్చీలో చంపారు. విచారణలో వెనోనా ఊసే లేదు. జూలియస్ సంగతి టెలిగ్రాముల్లో స్పష్టంగా ఉంది. ఎథెల్ విషయానికొస్తే, భర్త చేసే పని ఆమెకు తెలుసనీ, ఆరోగ్యం బాగాలేక తాను పని చేయడం లేదనీ ఉంది. ఆ కాగితం జ్యూరీ చూసి ఉంటే? ఆమెపై సాక్ష్యం చెప్పిన సొంత తమ్ముడు గ్రీన్‌గ్లాస్ తర్వాత 2001లో అబద్ధమాడానని ఒప్పుకున్నాడు.

వ్యాఖ్యాత: కోర్టులో బయటపెడితే సోవియట్లు జాగ్రత్తపడేవారు కదండీ?

అధ్యాపకురాలు: వారికి అప్పటికే తెలుసు! ఆర్లింగ్టన్ హాల్‌లోనే రష్యన్ భాషానిపుణుడిగా ఉన్న విలియం వైస్‌బాండ్ వారి మనిషి. 1949లో వాషింగ్టన్ వచ్చిన బ్రిటిష్ అధికారి కిమ్ ఫిల్బీ కూడా వారి మనిషే. ఇక రహస్యం ఎవరి దగ్గర దాచినట్లు? సొంత ప్రజల దగ్గర. 1995 జూలైలో గాని పత్రాలు వెలుగు చూడలేదు. అంతవరకు కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ వర్గమూ, రోజెన్‌బర్గ్‌ల అభిమానులూ ఆధారం చూడకుండానే కేకలేసుకున్నారు.

ఆచార్యులు: మీ మాట కాదనను గాని, ఆ పత్రాలను వేదవాక్కులా తీసుకోకూడదు. న్యూయార్క్ నుంచి మాస్కోకు 1944లో వెళ్లిన కేజీబీ (సోవియట్ గూఢచారి సంస్థ) సందేశాల్లో దాదాపు సగం చదవగలిగారు, 1942 నాటివి రెండు శాతం కూడా కాదు. మారుపేర్లతో కనిపించే దాదాపు 350 మందిలో సగం మంది అసలు పేర్లు తేలనేలేదు.

న్యాయవాది: తేలినవారి సంగతి మాత్రం? అణుబాంబు తయారైన లాస్ అలమోస్ ప్రయోగశాల కుర్ర శాస్త్రవేత్త థియోడర్ హాల్‌ను 1951లో ప్రశ్నించారు. ఆయన ఒప్పుకోలేదు, అధికారులు వెనోనా కాగితం చూపలేకపోయారు. కేసే లేదు. ఆయన కేంబ్రిడ్జ్‌లో జీవశాస్త్ర పరిశోధన చేసుకుని 1999లో కన్నుమూశారు. ఫుక్స్ నోరు విప్పినందుకు పద్నాలుగేళ్ల శిక్ష పడింది.