మునగ గింజతో తేరుకునే నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఒక గాజు గ్లాసులో మురుగునీళ్లు పట్టి కదపకుండా పక్కన పెట్టండి. ఇసుక, బరువైన చెత్త కాసేపట్లోనే అడుక్కి దిగుతాయి. పైనున్న నీళ్లు మాత్రం మర్నాడు చూసినా మసకగానే ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే మట్టి రేణువు ఒక్క మీటరు లోతు దిగాలంటే వారం పైనే పడుతుంది. అంతకంటే సన్నవి అసలు దిగవనే అనుకోవచ్చు. వాటిలో దాదాపు అన్నిటి మీదా ఋణావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, దగ్గరకు చేరకుండా తేలుతుంటాయి.

వాటిని జట్టు కట్టించడానికి శుద్ధి కేంద్రాల్లో ఎక్కువగా పటిక వాడతారు. పటిక బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ అడుగున చేరిన మడ్డిలో అల్యూమినియం ఉండిపోతుంది. దాన్ని ఎక్కడ వెయ్యాలన్నది పెద్ద టెన్షన్. పైగా పటిక నీళ్లను ఆమ్లం వైపు లాగుతుంది. సరిచేయడానికి చాలాసార్లు సున్నం కలపాల్సి వస్తుంది.

ఇదే పని మునగ గింజ కూడా చేస్తుంది. ముదిరి ఎండిన గింజకు రెక్కల్లాంటి పొట్టు ఒలిస్తే లోపల తెల్లటి పప్పు ఉంటుంది. అందులో నీటిలో కరిగే ప్రోటీన్ల మీద ధనావేశం ఉంటుంది. అవి మురుగు రేణువులకు అతుక్కోగానే నెట్టుకోవడం ఆగిపోతుంది. నీటి ఆమ్లత్వం దాదాపు మారదు, మడ్డి కూడా మట్టిలో కుళ్లే రకం.

ప్రయోగశాలలో దీన్ని జార్ టెస్ట్‌లో చూస్తాం. వరసగా ఆరు బీకర్లు, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు. ఒక నిమిషం జోరుగా తిప్పి, ఆ తర్వాత పావుగంట పైగా మెల్లగా తిప్పాలి. ముందు ఏమీ తెలియదు. ఉన్నట్టుండి నీళ్లు పాలు విరిగినట్టు విరుగుతాయి. చుక్కలు పలుకులై, పలుకులు దూదిపింజలై, తిప్పడం ఆపగానే నెమ్మదిగా కిందికి దిగుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తొందరపడి జోరు పెంచితే కట్టిన పింజలు చెదిరిపోతాయి. మోతాదు మించినా నష్టమే. రేణువులన్నిటికీ ఈసారి ధనావేశం పట్టుకుని మళ్లీ విడిపోతాయి.

ఇది కొత్తగా పుట్టిన ఉపాయం కాదు. సూడాన్ పల్లెల్లో ఆడవాళ్లు నైలు నది బురదనీళ్లను మునగ గింజలతోనే తేర్చుకునేవారు. గంధంలా అరగదీసిన చిల్లగింజకూ ఈ గుణం ఉంది. నాగజెముడు జిగురు దారి వేరు. దాని పొడవాటి గొలుసులు రేణువులను దండ గుచ్చినట్టు కలుపుతాయి.

ఇక జాగ్రత్తల మాట. మొదట్లో నేను గింజలు దంచి పొడిని నేరుగా మురుగునీళ్లలో వేశాను. నీళ్లు తేటపడ్డాయి, సంతోషంగా మూత పెట్టేశాను. రెండు రోజుల తర్వాత మూత తీస్తే గుప్పున కుళ్లు వాసన. పప్పులో మనకు పనికొచ్చే ప్రోటీన్ కొంతే. మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది, ఇంకా ఇతర సేంద్రియ పదార్థాలుంటాయి. అవన్నీ నీళ్లలో దిగి సూక్ష్మజీవులకు ఆహారమయ్యాయి. తగ్గించాల్సిన సేంద్రియ భారాన్ని నేనే పెంచాను. అప్పటినుంచి నూనె తీసేసిన పిండినే వాడుతున్నాను. దాన్ని ఉప్పునీళ్లలో కలిపితే ప్రోటీన్ బాగా దిగుతుంది. గుడ్డలో వడగట్టి, ఆ రసాన్ని తాజాగా వాడాలి.

మరో సంగతి. పింజలతోపాటు సూక్ష్మక్రిములు చాలావరకు అడుక్కి పోతాయి, కానీ చావవు. మడ్డిలో బతికే ఉంటాయి, పైనీళ్లలోనూ కొన్ని మిగులుతాయి. కరిగిన లవణాలు, నైట్రేట్లు కూడా అలాగే ఉంటాయి. అందుకే తేటగా కనబడ్డంత మాత్రాన ఆ నీళ్లు శుభ్రమైనవని అనుకోకూడదు. ఇది శుద్ధిలో తొలి మెట్టు. తర్వాత జీవశుద్ధి (మేలు చేసే సూక్ష్మజీవులతో మలినాలను తినిపించడం), వడపోత, క్రిమిసంహారం ఉండాల్సిందే. మహానగరాల మురుగు మొత్తానికి గింజలు సరిపోతాయని చెప్పను. చిన్న చిన్న శుద్ధి ఏర్పాట్లకు మాత్రం ఇది తప్పక ప్రయత్నించాల్సిన దారి.

బట్టలుతికిన నీళ్లకు కుదిరిన మోతాదు వంటగది నీళ్లకు కుదరదు. పొద్దున వచ్చే మురుగు, సాయంత్రం వచ్చే మురుగు ఒకటి కావు. కాబట్టి ముందు ఆరు బీకర్లు పెట్టి చూసి, ఆ తర్వాతే ట్యాంకులో పోయండి.

నమస్కారం.