ఆ మాట రాసివ్వండి

అందరికీ నమస్కారం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వీధుల్లోకి ఎలా వచ్చిందో ఈ హాల్లో కూర్చున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా చిన్నాన్న వాళ్లది అక్కడే ఇల్లు. నీళ్లు పెరుగుతుంటే కారుని ఎత్తు మీదకి తీసుకెళదామని బయల్దేరారు. వీధి చివరికి రాకముందే బండి ఆగిపోయింది. కంగారులో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేశారు. ఇంజిన్ పోయింది.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే, "నీళ్లలో మీరే స్టార్ట్ చేశారు కదండీ, క్లెయిమ్ రాదు" అన్నారట. ఆయన సరేనని ఊరుకున్నారు. నెల తర్వాత మాటల్లో బయటపడింది.

"రాసిచ్చారా చిన్నాన్నా?" అని అడిగాను.

"లేదమ్మా, ఫోన్లోనే చెప్పారు."

నేను ఈ రోజు వచ్చింది ఈ ఒక్క సంగతి కోసమే. ఫోన్లో చెప్పిన "రాదు" తిరస్కరణ కాదు. ఏ షరతు కింద, ఎందుకు ఇవ్వడం లేదో కంపెనీ కాగితం మీద చెప్పాలి. రాయాల్సి వచ్చినప్పుడు వాళ్లూ పాలసీ తెరిచి చూస్తారు.

మా చిన్నాన్న విషయంలో ఏం జరిగిందో చూడండి. కాంప్రహెన్సివ్ పాలసీలో, అంటే మన బండి నష్టానికి కూడా వర్తించే పాలసీలో, వరద నష్టం ఉంటుంది. అయితే నీళ్లలో ఇంజిన్ తిప్పడం వల్ల పాడైన భాగాలను మామూలుగా కాన్సీక్వెన్షియల్ లాస్ అని, అంటే నేరుగా వరద వల్ల కాక ఆ తర్వాత చేసిన పని వల్ల వచ్చిన నష్టమని, పక్కన పెడతారు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్, అంటే అదనపు రక్షణ, విడిగా తీసుకోవాలి. ఆయన తీసుకోలేదు. మరి సీట్లు, వైరింగ్, డ్యాష్‌బోర్డు? అవి వరద నీళ్లకే పోయాయి. ఇంజిన్ పేరు చెప్పి మొత్తం క్లెయిమ్‌నే ఆయన చేత వదిలేయించారు. కంపెనీకి ఉత్తరం రాశాక నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చారు, వాటికి డబ్బు వచ్చింది. ఇంజిన్ ఖర్చు మాత్రం ఆయనే పెట్టుకున్నారు. యాడ్-ఆన్ లేనప్పుడు దాని మీద కొట్లాడటం కష్టం, అది నేను దాచను.

సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. ఏ భాగానికి ఎంత కోత పెట్టారో అందులోనే ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీయడం పాత పద్ధతే, తరుగు తీయకుండా ఇచ్చే జీరో డెప్ యాడ్-ఆన్ ఉంటే ఆ కోత ఉండదు. రిపేరు ఖర్చు బండి ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్కగట్టాలి. ఈ లెక్క మీరే ఒకసారి వేసుకోండి.

చెక్కు ఇచ్చేముందు "ఫుల్ అండ్ ఫైనల్" అని సంతకం అడుగుతారు. అవసరంలో ఉన్న మనిషి పెట్టేస్తాడు. ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్న సంతకం దావాకు అడ్డు కాదని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఒత్తిడి ఉందని చూపాల్సింది మనమే. అందుకని అదే రోజు ఒక ఈమెయిల్ పెట్టండి, తక్కువ మొత్తాన్ని అభ్యంతరంతో తీసుకుంటున్నానని.

ఆలస్యంగా చెప్పారన్న సాకు ఇంకొకటి. ఒక ట్రాక్టర్ దొంగతనం కేసులో రైతు వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేశాడు. కంపెనీకి 52 రోజులు ఆలస్యంగా చెప్పాడని క్లెయిమ్ కొట్టేశారు. 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి రైతు పక్షాన తీర్పు ఇచ్చింది. దొంగతనమైతే ముందు ఎఫ్ఐఆర్.

ఎక్కడికి వెళ్లాలన్నది చాలామందికి టెన్షన్. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాసి నెల ఆగండి. తర్వాత బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్. మన రెండు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించగలరు. తిరస్కరణ అందిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆ తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మీకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ఈ వరస మర్చిపోకండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. బీమా కేసులో ఆ సొమ్మంటే ప్రీమియమే. అంటే మనలో దాదాపు అందరికీ ఉచితమే. ఆన్‌లైన్‌లో కేసు వేయడానికి ఈ-జాగృతి పోర్టల్ ఉంది, సలహాకు 1915 హెల్ప్‌లైన్ ఉంది.

ఇక కారు కొనేటప్పుడు. షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న నియమం లేదు, బయట ధర కనుక్కోండి. హ్యాండ్లింగ్ ఛార్జీలు అంటే, ఏ పనికో బిల్లు మీద రాయమనండి. టీఆర్ నంబరు, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, గడువు దాటనివ్వకండి. గడువు దాటిన ఒక బొలెరో చోరీ అయితే, అది రిజిస్ట్రేషన్ లేని బండేనని 2021లో సుప్రీంకోర్టు పరిహారం రాదంది. పాలసీ ఉన్నా ఫలితం లేకపోయింది. నాకు ఆ కేసు చదివినప్పుడల్లా బాధేస్తుంది.

బండిలోనే లోపం ఉంటే తయారీ కంపెనీనీ అడగొచ్చు. ఢిల్లీ కేసులో, 2017 ప్రమాదంలో ఒక క్రెటా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢీకొన్న జోరు చాలలేదని హ్యుందాయ్ వాదించింది. వేగాన్నీ బలాన్నీ లెక్కగట్టడానికి కొనుగోలుదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు పరిహారాన్ని ఖాయం చేసింది.

ఇప్పుడు మీ ఫోన్లు తీయండి. పాలసీ పీడీఎఫ్ తెరవండి. యాడ్-ఆన్‌లు అన్న చోట ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో వెతకండి. కనపడనివాళ్లు చెయ్యెత్తండి, నేనే దగ్గరికొచ్చి చూస్తాను.