మెన్షియస్ రివ్యూ: ఎద్దు కథకి ఫిదా, నీళ్ల వాదనకి చిరాకు

అందరికీ నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ మాటలు, వాదనలు ఉన్న ఈ ‘మెన్షియస్’ పుస్తకం ఇంగ్లిష్ అనువాదాన్ని పబ్లిషర్ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులైతే ఇవ్వలేదు. నేరుగా ఎద్దు దగ్గరికి వెళ్దాం.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం చివర, చైనాలోని చీ రాజ్యం. రాజు షువాన్ పైన సభలో కూర్చుంటే, కింద ఒక ఎద్దును తోలుకెళ్తున్నారు. కొత్త గంటకు దాని రక్తం పూయాలట. అది వణికిపోతుంటే చూడలేక వదిలేయమంటాడు. మరి గంట సంగతి? "గొర్రెను పెట్టండి" అంటాడు! ఎద్దు ఖరీదెక్కువని మార్చాడు, వట్టి పిసినారి అనుకున్నారు జనం. మెన్షియస్ మాత్రం, మీరు ఎద్దును చూశారు, గొర్రెను చూడలేదు, అంతే అంటాడు. రాజు తెగ సంబరపడతాడు. అప్పుడు బిగుస్తుంది ఉచ్చు. పశువు దాకా వెళ్లిన దయ మీ ప్రజల దాకా ఎందుకు రావట్లేదు? చేతకాక కాదు, చేయక!

దయకు నిర్వచనం చెప్పనేలేదు, గమనించారా? రాజు చేసిన పనినే సాక్ష్యంగా నిలబెట్టాడు. ఉన్న దయనే ఇంకాస్త దూరం పంపమంటున్నాడు. ఈ కొన్ని పేజీల దగ్గరే నేను ఆగిపోయా.

ఇంతకుముందు కన్ఫ్యూషియస్ మాటల సంకలనం అనలెక్ట్స్ చదివినప్పుడూ ఇదే తీరు. విన్న మంచిని వెంటనే ఆచరించాలా అని శిష్యుడు జీలూ అడిగితే, ఇంట్లో తండ్రి, అన్నలు ఉండగా ఎలా చేస్తావంటాడు. ఇంకో శిష్యుడు రాన్ యూ అడిగితే వెంటనే చేసేయమంటాడు. ఇదేంటని మూడో శిష్యుడు అడిగితే, ఒకడు వెనకాడే రకం కాబట్టి ముందుకు తోశాను, ఇంకొకడిది దూకుడు కాబట్టి ఆపాను అంటాడు. మనిషిని బట్టి జవాబు!

ఇక చిరాకు సంగతి. మనిషి స్వభావం నీళ్లలాంటిది, ఎటు గండి కొడితే అటు పోతుందంటాడు మెన్షియస్‌తో వాదించే గావోజీ అనే ఆలోచనాపరుడు. పల్లానికే కదా పోయేది, మనిషీ అలాగే మంచివైపు పోతాడని మెన్షియస్ కొట్టిపారేస్తాడు. నీరు పల్లమెరుగు, ఒప్పుకుంటా. కానీ మనిషికి పల్లం మంచే అని ఎవరన్నారు? గావోజీకి అక్కడ తిరిగి నోరెత్తే ఛాన్సే ఇవ్వలేదు. బావిలో పడబోతున్న పసిపిల్లను చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుందని ఇదే పుస్తకంలో ఎంత బాగా చెప్పాడో!

నోట్స్ అన్నీ పుస్తకం చివర్న పడేయడం ఇంకో తలనొప్పి. అయినా ఎద్దు కోసమే కొనేయమంటాను. అనలెక్ట్స్ కన్నా ముందు ఇదే చదవండి. బుక్‌మార్కులు మాత్రం రెండు పెట్టుకోండి.