పన్నెండు మాటలు

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు క్రిప్టో నిపుణుడు అన్నాడు. ఆ బిరుదు ఇక్కడే తిరిగి ఇచ్చేస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన ఆడిటర్ని. సొంత లెక్క దగ్గరికి వచ్చేసరికి బోర్లా పడ్డాను. నన్ను పిలిచింది కూడా అందుకేనని తెలుసు.

కొత్తవాళ్ళు చేసే పది తప్పులని ఒక కాగితం రాసుకొచ్చాను. గబగబా చదివేస్తాను.

ఒకటి, చవక కాయిన్ మోజు. "బిట్‌కాయిన్ మనమెక్కడ కొనగలం, ఇదైతే లక్ష కాయిన్లు వస్తాయి" అంటారు. బిట్‌కాయిన్ నిండుగా ఒకటి కొననక్కర్లేదు, అందులో పది కోట్లో వంతు కూడా ఉంటుంది. పైగా బిట్‌కాయిన్లు ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలు దాటవు. షిబా ఇను అనే కాయిన్లను మొదట్లోనే వెయ్యి లక్షల కోట్లు పుట్టించారు. అన్ని ఉంటే ఒక్కోటీ చవగ్గా కాక ఎలా ఉంటుంది? ధర ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, మొత్తం ఎన్ని ఉన్నాయో దానితో గుణించి చూడండి.

రెండు, లెవరేజ్, అంటే అప్పు తీసుకుని సొంత సొమ్ముకి ఎన్నో రెట్లు పందెం కాయడం. ఇరవై రెట్లు తీసుకుంటే, ధర 5 శాతం పడగానే మీరు పెట్టింది మొత్తం పోతుంది. ఫీజులు కలుపుకుంటే అంత కూడా పడక్కర్లేదు. బిట్‌కాయిన్‌కి ఒక్కరోజులో 5 శాతం కదలడం పెద్ద విషయమేమీ కాదు.

మూడు, వడ్డీ ఆశ. టెర్రా అనే క్రిప్టో ప్రాజెక్టు కథ గుర్తుందా? డాలర్‌తో సమానంగా ఉంటుందన్న కాయిన్ మీద ఏడాదికి దాదాపు 20 శాతం ఇచ్చారు. 2022 మేలో కొద్దిరోజుల్లోనే అంతా కూలిపోయింది. ఆ 20 శాతం ఎవరి జేబులోంచి వస్తోందని నేను ముందే అడిగాను, జవాబు దొరకలేదు, అందులో పెట్టలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెమే కొంప ముంచింది.

కాగితం పక్కన పెడుతున్నాను. మిగతా ఏడూ మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్, అంటే జనం కాయిన్లు కొని, అమ్మి, దాచుకునే కంపెనీ, దివాలా తీసింది. నా సొమ్ము అందులో లేదు, వేరే ఎక్స్ఛేంజ్‌లో ఉంది. అయినా నిద్ర పట్టలేదు. 2014లో మౌంట్ గాక్స్ అనే మరో ఎక్స్ఛేంజ్ మూతపడినప్పుడు దాదాపు 8.5 లక్షల బిట్‌కాయిన్లు మాయమైన సంగతి చదివి ఉన్నాను. అందుకని అందరూ చెప్పే మంచిపనే చేశాను. కాయిన్లు ఏ కంపెనీ చేతిలోనూ కాక నా చేతిలోనే ఉండేలా సొంత వాలెట్ యాప్ పెట్టుకున్నాను. దానికి తాళంచెవి పన్నెండు ఇంగ్లిష్ మాటలు, అవి ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్ళదే. ఆ పన్నెండు మాటలూ కాగితం మీద రాసి బీరువాలో దాచాను. నా దగ్గరున్న స్టేబుల్ కాయిన్లన్నీ, అంటే డాలర్‌తో సమానంగా ఉండాల్సిన కాయిన్లన్నీ, అటు పంపాను. ఒకే కాయిన్‌ని పంపడానికి నెట్‌వర్కులు చాలా ఉంటాయి. ఏ నెట్‌వర్క్ మీద పంపాలని ఎక్స్ఛేంజ్ అడిగితే, ఆడిటర్ని కదా, ఫీజు తక్కువున్నది నొక్కాను.

వాలెట్ తెరిచాను. జీరో. గంట ఆగి మళ్ళీ చూశాను. జీరో.

ముందు కాస్త పంపి చూసుకోవాల్సింది. మొత్తం ఒకేసారి పంపేశాను.

టెన్షన్‌తో ఆ వాలెట్ పేరున్న టెలిగ్రామ్ గ్రూపులో అడిగాను. నిమిషంలో ఒకాయన పర్సనల్‌గా మెసేజ్ పెట్టాడు. సపోర్ట్ అని పేరు, వాలెట్ లోగో, ఎంతో మర్యాద. "కంగారుపడకండి సార్, సింక్ కాలేదంతే" అని ఒక లింకు ఇచ్చాడు. ఆ పేజీ పన్నెండు మాటలూ అడిగింది. బీరువా తెరిచి, కాగితం తీసి, ఒక్కోటీ కొట్టాను. ఏడో మాటలో స్పెల్లింగ్ తప్పిందని పేజీయే చెప్పింది. కళ్ళజోడు వెతికి తెచ్చుకుని మరీ సరిచేశాను.

ఆ మాటలు 2048 మాటలున్న ఒక జాబితాలోవి. వాటిలోంచి పన్నెండింటిని వరుస తప్పకుండా ఊహించడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. అందుకే దొంగ ఊహించడు. అడుగుతాడు.

పదకొండు నిమిషాల్లో ఖాళీ. ట్రాన్సాక్షన్ ఫీజు వేరే కాయిన్‌లో కట్టాలి, ఆ చిల్లర నా వాలెట్‌లో లేదు. వాడే తన దగ్గర్నుంచి కాస్త వేసి మరీ పట్టుకెళ్ళాడు! అదంతా బ్లాక్‌చెయిన్ మీద, అంటే అందరికీ తెరిచి ఉండే లెక్కల పుస్తకంలో, కనిపిస్తూనే ఉంది. ఏ అడ్రస్‌కి పోయిందో, ఎంత పోయిందో లోకమంతా చూడొచ్చు, ఒక్కరూ ఆపలేరు. ఆ అడ్రస్ నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ తెరిచి చూస్తుంటాను. ఎందుకని అడక్కండి.

అసలు బాధ అది కాదు. నా సొమ్ము మొదట్నుంచీ వాలెట్‌లోనే ఉంది. అడ్రస్ ఒకటే, నేను పంపిన నెట్‌వర్క్ వేరు, వాలెట్ చూపిస్తున్న నెట్‌వర్క్ వేరు. అది మార్చి ఉంటే కనిపించేది. పోని సొమ్ము కోసం వెతుక్కుంటూ వెళ్ళి, ఉన్నది అప్పగించి వచ్చాను.

ఒక్కసారి చేతులెత్తండి. మీ పన్నెండు మాటలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది? దించండి, దించండి! ఎవరి ఫోన్ కొట్టేయాలో హాలంతటికీ చెప్పేస్తున్నారు. ఇంటికెళ్ళి కాగితం మీద రాయండి, ఫొటోలు తీసేయండి, క్లౌడ్‌లోంచి కూడా. ఏ సపోర్టువాడికీ ఆ మాటలతో పని లేదు. అడిగితే దొంగే, ఎంత మర్యాదగా అడిగినా సరే.

ఇంకొకటుంది. అదీ చెప్పేస్తాను. డబ్బు పోయిందని అదే గ్రూపులో ఏడ్చుకున్నాను కదా, రెండు వారాలకి ఇంకొకడు వచ్చాడు. పోయిన కాయిన్లు వెనక్కి రప్పిస్తానన్నాడు. నా ట్రాన్సాక్షన్ వివరాలన్నీ చెప్పాడు. ఎవరైనా చూడగలిగినవే, అయినా నమ్మాను. ముందు ఫీజన్నాడు, కట్టాను. తర్వాత టాక్సన్నాడు, అదీ కట్టాను. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఒక్కరికి చెప్పి ఉన్నా ఆ రెండోది జరిగేది కాదు.

ఈ రెండోది ఇంట్లో కూడా తెలియదు. మా ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. ఇప్పుడే కళ్ళజోడు తీసింది.

ప్రశ్నలకి పది నిమిషాలు ఇచ్చారు. మైకు ముందు ఆవిడకే ఇవ్వండి.