సీట్ల చార్ట్

నమస్కారం. మా చిన్నాన్న మన విశాఖలో జగదాంబ సెంటర్‌కి దగ్గర్లోనే ఒక థియేటర్‌లో పాతికేళ్ళు బుకింగ్ క్లర్కుగా పనిచేశారు. వేసవి సెలవల్లో నన్ను కూడా తీసుకెళ్ళి బుకింగ్ గదిలో ఒక స్టూలు మీద కూర్చోబెట్టేవారు. ఆ గదికి ఒకే ఒక్క కంత. ఒక చెయ్యి పట్టేంత కంతలోంచి ఒకేసారి మూడు చేతులు లోపలికి వచ్చేవి, ఏ చెయ్యి ఎవరిదో తెలీదు, చెమటకి తడిసి ముద్దయిపోయిన నోట్లు, బయట నుంచి "రెండు బాల్కనీ, రెండు బాల్కనీ" అని అరుపులు.

చిన్నాన్న బల్ల మీద ఒక అట్ట ఉండేది, దానికి క్లిప్పు పెట్టిన కాగితం. బాల్కనీ సీట్ల చార్ట్ అది. టికెట్ చింపి, దాని వెనకాల సీటు నంబరు రాసి, చార్ట్‌లో ఆ గడిని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసేవారు. ఆట మొదలయ్యాక ఆ కాగితం ముందు పెట్టుకునే రోజువారీ కలెక్షన్ లెక్క, అదే డీసీఆర్ అంటారు కదా, అది రాసేవారు. మేనేజర్ గారు అప్పుడప్పుడు తలుపు తీసి "వెనక వరస ఆరూ కొట్టకు, మనవాళ్ళు వస్తారు" అని చెప్పి వెళ్ళేవారు. చార్ట్ ఎవరి బల్ల మీదుంటే ఆట వాళ్ళ చేతిలో ఉన్నట్టేరా అని చిన్నాన్న అనేవారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఈ రోజు నేను బుక్‌మైషో గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఫోన్‌లో టికెట్ తీసుకునే అలవాటు మనకి నేర్పిన కంపెనీల్లో పెద్దది అదే. టికెట్లు అమ్మడంతో మొదలుపెట్టి, ఇప్పుడు స్టేడియాలు నిండిపోయే కచేరీలు తనే పెట్టే దాకా ఎదిగింది. ఆ ఎదుగుదల మొత్తం చిన్నాన్న చెప్పిన ఆ చార్ట్ చుట్టూనే తిరిగిందని నాకు అనిపిస్తుంది.

1999లో ఆశిష్ హేమ్‌రజానీ అనే ముంబై కుర్రాడు, అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగి, దక్షిణాఫ్రికా చూడ్డానికి వెళ్ళాడు. అక్కడ రేడియోలో రగ్బీ మ్యాచ్ టికెట్లు అమ్ముతామంటూ ప్రకటన వస్తుంటే విన్నాడు. మన దేశంలో ఇలా ఎందుకు చెయ్యకూడదు అనిపించిందట. తిరిగొచ్చి ఉద్యోగం మానేసి, పరీక్షిత్ దార్, రాజేశ్ బల్పాండే అనే ఇద్దరు స్నేహితులతో కలిసి బిగ్‌ట్రీ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ పెట్టాడు. ఈ కథకి బీజం రేడియోలో పడిందని రేడియోలోనే చెప్పగలుగుతున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కానీ అప్పటి పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంటర్నెట్ కావాలంటే గంటకింత అని డబ్బులిచ్చి నెట్ సెంటర్‌లో కూర్చునే రోజులు, క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు ఏ బ్యాంకు ఆఫీసర్లో పెద్ద కంపెనీల వాళ్ళో, థియేటర్లలో కంప్యూటరే లేదు. అందుకని ఫోన్‌లో ఆర్డర్ తీసుకుని, టికెట్లు ముందే తెచ్చిపెట్టుకుని, మనిషిని పంపి ఇంటికి చేర్చేవాళ్ళు. చార్ట్ మాత్రం థియేటర్ క్లర్కు బల్ల మీదే ఉంది. ఫోన్ చేసిన మనిషికి ఏ సీటు ఖాళీగా ఉందో చెప్పే దారి వీళ్ళకి లేదు. ఈలోపు డాట్‌కామ్ బుడగ పేలింది, అంటే ఇంటర్నెట్ కంపెనీల మీద పెట్టుబడుల జోరు ఒక్కసారిగా కూలిపోయింది. నూట యాభై మంది ఉన్న కంపెనీ ఆరుగురికి పడిపోయింది.

ఆ ఆరుగురు ఎలా నిలబడ్డారన్నదే నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వాళ్ళు న్యూజిలాండ్‌కి చెందిన విస్టా అనే కంపెనీ తయారుచేసిన థియేటర్ సాఫ్ట్‌వేర్‌ని మన దేశంలో అమ్మడం మొదలుపెట్టారు. ఊళ్ళలో మల్టీప్లెక్సులు అప్పుడప్పుడే లేస్తున్నాయి. వాటికి బుకింగ్ కౌంటర్ నడపడానికి, పాప్‌కార్న్ స్టాల్ లెక్క చూడ్డానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి, దాన్ని వీళ్ళు ఇచ్చారు. పైకి చూస్తే చాలా చప్పగా ఉండే వ్యాపారం, పేపర్లో రాసుకోడానికేం లేదు. కానీ అట్ట మీద కాగితం పోయి కంప్యూటర్ తెర వచ్చాక, చిన్నాన్న ఎర్ర పెన్సిల్‌తో కొట్టే గడి ఆ తెర మీదకి వెళ్ళిపోయింది, ఆ తెరని ఇంటర్నెట్‌కి కలిపితే గాజువాకలో ఇంట్లో కూర్చున్నవాడికి కూడా ఏ సీటు ఖాళీయో కనిపిస్తుంది. టికెట్ కట్టలు ముందే కొనిపెట్టుకోవాల్సిన పని లేదు. అమ్ముడుపోకుండా మిగిలిపోతాయన్న టెన్షన్ లేదు.

2007లో బుక్‌మైషో అనే పేరు పెట్టారు. ఆ ఏడాదే నెట్‌వర్క్18 అనే మీడియా కంపెనీ పెట్టుబడి పెట్టింది, తర్వాత తర్వాత వేరేవాళ్ళూ వచ్చారు. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. పోటీ కూడా గట్టిగానే ఉంది. చెన్నైలో పుట్టిన టికెట్‌న్యూ మన తెలుగు ఊళ్ళలో బాగా పాకింది, దాన్ని 2018లో పేటీఎం కొనుక్కుంది, 2024లో పేటీఎం తన టికెట్ల వ్యాపారం మొత్తాన్ని 2,048 కోట్లకి జొమాటోకి అమ్మేసింది, అదే ఇప్పుడు డిస్ట్రిక్ట్ యాప్‌లో నడుస్తోంది. బుక్‌మైషో కూడా 2017లో హైదరాబాద్‌కి చెందిన మస్తీటికెట్స్‌ని కొంది.

సంపాదన ఎక్కడ నుంచి అంటారా? మన మల్టీప్లెక్సులో టికెట్ 150 రూపాయలనుకుందాం, 18 శాతం జీఎస్టీ 27 కలిపి 177. దాని మీద ఆన్‌లైన్‌లో కొన్నందుకు వేసే కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ. నాలుగు టికెట్లు ఒక్కసారే తీసుకున్నా ఫీజు నాలుగింటికీ పడుతుంది. అందులో థియేటర్‌కీ వాటా ఉంటుంది. అంటే ఒక్కో టికెట్ మీద మిగిలేది కొద్ది రూపాయలే, కోట్ల టికెట్లు అమ్మితేనే లెక్క తేలుతుంది. పైగా సినిమా హిట్టయితే ఆ డబ్బు నిర్మాతదీ థియేటర్‌దీ.

అందుకే బుక్‌మైషో వాళ్ళు స్టేజి వైపు తిరిగారు. కచేరీ తనే పెడితే టికెట్ డబ్బు మొత్తం, స్పాన్సర్లు, తిండి స్టాళ్ళ అద్దెలు అన్నీ ఒకే చోటికి వస్తాయి. నష్టం వచ్చినా మొత్తం తనకే. కళాకారుడికి అడ్వాన్స్ ముందే ఇవ్వాలి, స్టేజి కట్టాలి, పోలీసు పర్మిషన్లు తెచ్చుకోవాలి, వానొస్తే అంతే సంగతులు. 2018 నవంబరులో సర్క్ దు సొలేయ్ అనే కెనడా సర్కస్ కంపెనీ వాళ్ళ బజార్ అనే షోని ప్రపంచంలోనే మొదటిసారి ముంబైలో వేయించారు. 2019 డిసెంబరు 15న ఐర్లాండ్ బ్యాండ్ యూ2 నవీ ముంబైలో పాడింది. అంతలో కరోనా. హాళ్ళు మూసేశారు, 2020 మేలో సుమారు 270 మందిని తీసేయడమో జీతం లేని సెలవు మీద పంపడమో చేశారు. సినిమాలూ లేవు, కచేరీలూ లేవు, అమ్మడానికి ఒక్క సీటు లేదు. అక్కణ్ణుంచి లేచి 2023 జనవరిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో లొల్లాపలూజా అనే సంగీతోత్సవం పెట్టారు.

ఇక కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బ్యాండ్ కచేరీలు. 2024 సెప్టెంబరు 22న టికెట్లు తెరిస్తే కోటి ముప్పై లక్షల మంది ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డారని కంపెనీయే చెప్పింది. మన విశాఖ జనాభాకి ఎన్నో రెట్లు! నాకు తెలిసిన ఒక అమ్మాయి, ఎంవీపీ కాలనీలో ఉంటుంది, ఇంట్లో మూడు ఫోన్లూ ఒక లాప్‌టాపూ ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆమె ముందు ఏడు లక్షల మంది ఉన్నారని తెర చూపించిందట. పెద్ద పెద్ద ధరలకి టికెట్లు బ్లాకులో తేలాయి, ఫిర్యాదులు వెళ్ళాయి, ముంబై పోలీసులు కంపెనీకి సమన్లు ఇచ్చారు. బ్లాకులో టికెట్ అమ్మిన మనిషిని థియేటర్ గేటు దగ్గర మనం కళ్ళతో చూసేవాళ్ళం. ఇప్పుడు ఆ మనిషి కనపడడు.

కోల్డ్‌ప్లే అహ్మదాబాద్ కచేరీలకి 2025 జనవరి 25, 26 తేదీల్లో రోజుకి లక్షకు పైగా జనం వచ్చారు. రైల్వే ముంబై నుంచి ప్రత్యేక రైళ్ళు వేసింది, హోటళ్ళలో గదులు దొరకలేదు. రెండు సాయంత్రాల పాటకి ఊరంతా పని దొరికింది. ఈ వార్త చదివినప్పుడు నాకు మన ఊరు గుర్తొచ్చి కొంచెం బాధేసింది. బీచ్ ఉంది, విమానాశ్రయం ఉంది, పీఎం పాలెంలో స్టేడియం ఉంది, 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన గ్రౌండు అది. జనం రారా? నేవీ డే విన్యాసాలకి ఆర్కే బీచ్‌లో ఇసక కనపడదు. మనకి తక్కువైంది శ్రోతలు కాదు, వాన పడ్డా ఆగకుండా పది, ఇరవై వేల మంది కూర్చుని వినగలిగే, మంచి సౌండ్ ఉన్న కప్పు. కప్పు లేని ఊరికి పెద్ద షో రాదు, వచ్చినా ఒక్క రాత్రి ఉండి పోతుంది.

రెండో బెంగ కూడా చెప్పేస్తాను. చార్ట్ అంతా ఒకే చోట చేరితే ఏమవుతుంది? అమెరికాలో 1976లో మొదలైన టికెట్లు అమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్, కచేరీలు పెట్టే లైవ్ నేషన్‌తో 2010లో కలిసిపోయింది. ఈ రెండూ ఒకే చేతిలో ఉండటం వల్ల పోటీ చచ్చిపోతోందని, విడగొట్టాలని అక్కడి ప్రభుత్వం 2024 మేలో కేసు వేసింది. మన దేశంలోనూ హైదరాబాద్‌లోని ఒక చిన్న టికెట్ల కంపెనీ ఫిర్యాదు మీద 2022లో, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ బుక్‌మైషో మీద విచారణకి ఆదేశించింది. మన రాష్ట్రం సంగతి ఇంకో రకం. 2021లో ప్రభుత్వమే టికెట్లన్నీ తన పోర్టల్ ద్వారా అమ్మాలని చట్టం సవరించింది, దాని మీద థియేటర్ల వాళ్ళూ బుక్‌మైషో కూడా కోర్టుకెళ్ళారు, 2022 జులైలో హైకోర్టు స్టే ఇచ్చింది. చూడండి, ఆ చార్ట్ అందరికీ కావాలి.

ఒకసారి నేను ఒక యాప్‌లో నాలుగు టికెట్లు తీసుకుంటే డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. పిల్లలతో గేటు దగ్గర నిలబడి అడిగితే థియేటర్ వాళ్ళు యాప్ వాళ్ళని అడగమన్నారు, యాప్‌లో మాట్లాడ్డానికి మనిషే దొరకలేదు. పదకొండో రోజున డబ్బు వెనక్కొచ్చింది. కంతలోంచి అయినా సరే, చిన్నాన్న మొహం కనపడేది కదా అనుకున్నాను. ఇంత పెద్ద కంపెనీలు ఎదిగాక, ఫీజులో కొంత పెట్టి ఫోన్ ఎత్తే మనుషుల్ని కూడా ఉంచాలని గట్టిగా అడగడం మన హక్కు.

అయితే ఈ చార్ట్ చిన్నవాళ్ళ చేతికి కూడా అందుతోంది, అది మంచి మాట. మన ఊళ్ళో నాటకం అంటే ఉచితంగా చూసే అలవాటు. పరిషత్తుల నాటకాలకి చందాలు పోగేసి, హాలు అద్దె కట్టి, మేకప్ మనిషికి డబ్బులివ్వలేక చేతులు నలుపుకునే నటుల్ని నేను చూశాను. పోయిన శీతాకాలం మా స్నేహితుల బృందం ధైర్యం చేసి ఒక నాటకానికి వంద రూపాయల టికెట్ పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మింది. చిన్నాన్నకి ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ఆయన చేతికి ఫోన్ ఇచ్చి చార్ట్ చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆయన చూస్తుండగానే మధ్య వరసలో రెండు గడులు రంగు మారాయి, ఎవరో కొన్నారు. "మధ్యవే ముందు పోతాయి, పక్కవి ఆఖర్న" అన్నారు. కాసేపాగి వేలితో తెర కింది భాగం చూపించి, "వెనక వరస ఆరూ ఆపమని చెప్పు, నటుల ఇళ్ళవాళ్ళు వస్తారు" అన్నారు.