వర్క్‌స్టేషన్ లాప్‌టాప్: వాట్లు ఎక్కడికి పోతున్నాయి?

అందరికీ నమస్కారం.

హాల్లోకి వస్తుంటే ఇద్దరు ముగ్గురు ఇంచుమించు ఒకే మాట అడిగారు. "సార్, అంత డబ్బు పోసి వర్క్‌స్టేషన్ కొన్నాం. త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీ, అంటే భాగాలన్నీ కలిపిన మోడల్, తిప్పితే ఆగి ఆగి కదులుతోంది. ర్యామ్ పెంచమంటారా?" అప్పుడే వద్దు. ముందు మీరు కొన్న గ్రాఫిక్స్ కార్డు అసలు పని చేస్తోందో లేదో చూద్దాం.

థింక్‌ప్యాడ్ పి సిరీస్, డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్... బరువైన డిజైన్ పనికి చేసిన ఇలాంటి వర్క్‌స్టేషన్ లాప్‌టాప్‌లు చాలావాటిలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి. చిన్నది ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. పెద్దది విడి కార్డు, ఎక్కువగా ఎన్విడియాది. 2010లో ఆ కంపెనీ ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చింది. మెయిల్, బ్రౌజర్ లాంటి వాటికి చిన్న చిప్ చాలు, పెద్ద కార్డు నిద్రపోతుంది. బరువు పని వస్తే లేస్తుంది. అప్పుడు కూడా అది గీసిన బొమ్మను చిన్న చిప్‌కి అందిస్తే, స్క్రీన్ మీద చూపించేది ఆ చిన్నదే.

ఏ సాఫ్ట్‌వేర్ ఏ చిప్ మీద నడవాలన్న నిర్ణయం ఒక్కోసారి తప్పుతుంది. కంపెనీలో సొంతంగా రాయించుకున్న టూల్స్, పాత వెర్షన్లు చిన్న చిప్ మీదే నడిచిపోతుంటాయి, మనకు తెలియదు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, జీపీయూ ఇంజిన్ అనే కాలమ్ పెట్టుకోండి (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్పే). మీ ప్రోగ్రాం పక్కన జీపీయూ 0 అని ఉందా, 1 అని ఉందా? ఏ నంబరు ఏ చిప్‌దో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో పేరుతో సహా ఉంటుంది. తప్పు చిప్ మీద ఉంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దాకా వెళ్లి ఆ ప్రోగ్రాంకి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే ఈ సౌకర్యం ఉంది.

కొందరు ఇదంతా ఎందుకని బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల్లోకి, వెళ్లి డిస్క్రీట్ మోడ్ పెట్టేస్తారు. అంటే చిన్న చిప్‌ని పక్కన పెట్టి, అన్నీ పెద్ద కార్డుకే అప్పగించడం. రోజంతా టేబుల్ మీదే ఉండే మెషీన్‌కి అది మంచిదే. కానీ అలా పెట్టి మర్చిపోయి, సైట్‌కి తీసుకెళ్లాక బ్యాటరీ నిలవట్లేదని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్లున్నారు. ఇంకో సంగతి. చాలా వర్క్‌స్టేషన్లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద కార్డుకే కలిసి ఉంటుంది. అలాంటి వాటిలో ప్రొజెక్టర్ తగిలించారంటే రెండు చిప్‌లూ పంచుకునే హైబ్రిడ్ మోడ్‌లో ఉన్నా కార్డు లేచి కూర్చుంటుంది.

సరే, కార్డు పని చేస్తోంది, అయినా నెమ్మదే. అప్పుడు వాట్ల లెక్క చూడాలి. ఇంటెల్ కోర్ ఐ7-12800హెచ్ ప్రాసెసర్ తీసుకోండి. బేస్ పవర్ 45 వాట్లు, టర్బోలో, అంటే కాసేపు వేగం పెంచుకున్నప్పుడు, 115 దాకా లాగుతుంది. ఆర్‌టీఎక్స్ ఏ2000 లాప్‌టాప్ కార్డుని తయారీదారు 35 నుంచి 95 వాట్ల మధ్య ఎక్కడైనా పెట్టుకోవచ్చు. రెండూ పూర్తిగా లాగితే 210. ఇంకా స్క్రీన్, ఫ్యాన్లు, డిస్కు ఉన్నాయి. చేతిలో ఉన్నదేమో 170 వాట్ల అడాప్టర్. ఎవరో ఒకరు తగ్గక తప్పదు. పైగా చాలా డిజైన్లలో రెంటి వేడినీ మోసే రాగి గొట్టాలు ఒకటే. ఒకే బోరు కింద రెండు మళ్లు: ఒకదానికి నీళ్లు మళ్లిస్తే రెండోది ఎండుతుంది.

అందుకే యూట్యూబ్‌లో చెప్పే "అల్టిమేట్ పెర్ఫార్మెన్స్ పవర్ ప్లాన్ పెట్టండి" అన్న సలహా నాకు నచ్చదు. ప్రాసెసర్‌ని అనవసరంగా ఎగదోస్తే ఆ వేడి కార్డు వాటా తినేస్తుంది. త్రీడీ వ్యూపోర్టులో (మోడల్ తిప్పి చూసే కిటికీ), జీపీయూ రెండరింగులో (కార్డుతో ఫైనల్ బొమ్మ తీయడం) ప్రాసెసర్ కొంచెం తగ్గితేనే మేలు. పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే టర్బో ఆగిపోతుంది, మెషీన్ చల్లబడుతుంది. కానీ రెవిట్, ఆటోకాడ్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లు దీని జోలికి పోవద్దు. వాటిలో చాలా పని ఒక్క కోర్ మీదే నడుస్తుంది, దానికి టర్బోనే ప్రాణం.

ఇక్కడ స్క్రీన్ మీద చూడండి. కార్డు మీద లోడ్ పెట్టి, ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ అనే కమాండ్‌తో పెర్ఫార్మెన్స్ వివరాలు అడిగాను. కార్డు ఎందుకు వేగం తగ్గించుకుందో అదే కారణాలతో చెబుతుంది. ఎస్‌డబ్ల్యూ పవర్ క్యాప్ పక్కన యాక్టివ్ అని ఉంది: తనకిచ్చిన వాట్లు అయిపోయాయని. థర్మల్ స్లోడౌన్ యాక్టివ్ అయితే వేడి. ఇప్పుడు చార్జర్ పీకేస్తున్నా... చూశారా, క్లాకు, అంటే కార్డు వేగం, ఎలా పడిపోయిందో. బ్యాటరీ ఎంత పెద్దదైనా విమానంలో అనుమతి అడక్కుండా తీసుకెళ్లాలంటే 100 వాట్-అవర్లు దాటకూడదు. 150 వాట్లు లాగితే అది నలభై నిమిషాలకే ఖాళీ. అందుకే మెషీనే ముందుగా వాట్లు బిగిస్తుంది.

ఆఫీసులో పక్కవాళ్ల 65 వాట్ల టైప్-సి చార్జర్ పెట్టుకుంటే ఇంతకన్నా ఘోరం. చార్జింగ్ గుర్తు వస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. కానీ కొన్ని మెషీన్లు ప్రాసెసర్‌ని ఒక గిగాహెర్ట్జ్ లోపుకి తొక్కేస్తాయి. టైప్-సిలో 240 వాట్ల దాకా వెళ్లే ప్రమాణం 2021లో వచ్చింది నిజమే, కానీ చార్జర్, కేబుల్, లాప్‌టాప్ మూడూ దానికి తగ్గవైతేనే.

ఇక వేడి. చిప్ వంద డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది అనుకోండి. ఏసీ గదిలో గాలి 25 ఉంటే తేడా 75. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది 40కి వస్తే తేడా 60. అదే ఫ్యాన్, అదే హీట్‌సింక్, బయటికి తోసే వేడి మాత్రం అయిదో వంతు తక్కువ. దుమ్ము కూడా చేరితే చెప్పక్కర్లేదు. వెనక అంచు రెండు అంగుళాలు లేపి పెట్టడం, ఏడాదికోసారి ఫ్యాను విప్పి దుమ్ము దులపడం... ఏ సెట్టింగూ ఇవ్వనంత లాభం వీటితో ఉంటుంది. ఇదివరకు అండర్‌వోల్ట్ చేసి, అంటే ప్రాసెసర్‌కి వోల్టేజీ తగ్గించి, కూడా వేడి తగ్గించుకునేవాళ్లం. 2019లో ఈ వోల్టేజీ మార్పునే దాడికి వాడుకోవచ్చని చూపిన ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ అప్‌డేట్‌తో ఆ దారి మూసేశాయి.

లినక్స్ వాళ్లకి ఒక్క మాట. కార్డు నిద్రపోయిందో లేదో చూద్దామని మాటిమాటికీ ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ కొట్టకండి, ఆ కమాండే దాన్ని లేపుతుంది. హార్డ్‌వేర్ సంగతులు ఫైళ్లుగా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ కార్డు రన్‌టైమ్ స్టేటస్ ఫైలు చదివితే చాలు, సస్పెండెడ్ అని ఉంటే పడుకున్నట్టే.

కొత్తది కొనబోయేవాళ్లు షాపులో కార్డు పేరు ఒక్కటే అడిగి ఊరుకోకండి. దానికి ఎన్ని వాట్లు ఇచ్చారు, డబ్బాతో వచ్చే అడాప్టర్ ఎన్ని వాట్లు, ఈ రెండూ అడగండి. 35 వాట్ల ఏ2000కీ 95 వాట్ల ఏ2000కీ పెట్టె మీద పేరు ఒకటే. ఇప్పుడు మీ లాప్‌టాప్‌లు తెరవండి. టాస్క్ మేనేజర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూద్దాం.