మాట్లాడే పిల్ల, మాట్లాడని పిల్ల

నమస్తే, అందరు బాగున్నరా. ఇయ్యాల రెండు సినిమాల ముచ్చట. ఒకటి 1988ల బి. నర్సింగరావు తీసిన దాసి, ఇంకోటి 2017ల వచ్చిన శేఖర్ కమ్ముల ఫిదా. రెండూ తెలంగాణవే గానీ వీటికి పోలికేంది అంటరేమో, నాకు గూడ మొన్న దసరాకు కల్వకుర్తి దగ్గర మా ఊరికి పోయేదాక అట్లనే ఉండె.

ఫిదా మా ఇంట్ల ఎన్నిసార్లు చూసిన్రో లెక్క లేదు. బాన్సువాడ పిల్ల భానుమతి, నోరు మూయదు. అంతకుముందు మన యాస సినిమాలల్ల ఎక్కువ రౌడీలకో కమెడియన్లకో పెడుతుండె, హీరోయిన్ నోట్ల అంత ధీమాగ విన్నప్పుడు మా చెల్లె అయితే ఈల కొట్టింది. కాకపోతే సెకండ్ హాఫ్‌ల ఆ అలకలన్నీ ఒక్క ఫోన్ చేసుకుంటే తీరిపోయేటివి, అది వేరే ముచ్చట.

దాసి అంటే మాత్రం "అవార్డు సినిమా, నిద్రొస్తది" అంటరు. నిజమే, స్లోగనే ఉంటది. 1920ల కాలం, ఒక గడి, అంటే దొర ఉండే పెద్ద బంగ్లా, అండ్ల వెట్టి చేసే కమలాక్షి. దొర వల్ల కడుపైతది, ఆ కడుపు గూడ తీయించేస్తరు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది గానీ ఆమె మాట్లాడేది ఎంత, పిలిస్తే పోవుడు, చెప్తే చేసుడు, మిగతాదంత నడకలనే తెలుస్తది.

నాయనమ్మకు ఫోన్ల అదే పెట్టిచ్చిన. చేతిల చిక్కుడుకాయలు, ఈనె తీస్త తీస్త చూస్తుంది, ఒక కాడ చెయ్యి ఆగింది. "ఆడబాపలంటుండె మా అమ్మ, దొర బిడ్డ పెండ్లయితే అరణం కింద బిందెలు చెంబులతోటి పిల్లను గూడ పంపుతుండెనంట" అన్నది. బిందెలతోటి పిల్ల! నాకు వెంటనే భానుమతే యాదికొచ్చింది, నాయినను ఇడిశి అమెరికా పోనని మొండికేస్తే ఆఖరికి పిలగాడే బాన్సువాడకు రావాల్సొచ్చె గదా. ఆ మొండితనం నాకు అప్పటిదాక ఉత్త కామెడీ.

సినిమా అయిపోయినంక నాయనమ్మ చాన సేపు ఏం అనలే. చిక్కుడుకాయల చాట పక్కకు పెట్టి, కొంగుతోటి ఫోన్ తుడిచి నాకిచ్చింది.

"ఇగ ఆ లొడలొడ మాట్లాడే పిల్లది పెట్టు బిడ్డా."